సూపర్‌నేచురల్ స్పిన్-ఆఫ్‌లు: మూడుసార్లు ఎక్కడ చెడింది

అమెరికాలో 2005 సెప్టెంబర్ 13న ది డబ్ల్యూబీ ఛానల్లో మొదలైన 'సూపర్‌నేచురల్', మరుసటి ఏడాది ఆ ఛానల్ మూతపడటంతో ది సీడబ్ల్యూకి మారి 2020 నవంబర్ 19న ముగిసింది. మొత్తం 15 సీజన్లు, 327 ఎపిసోడ్లు. శామ్, డీన్ వించెస్టర్ అనే అన్నదమ్ములు 1967 మోడల్ షెవర్లే ఇంపాలాలో ఊరూరా తిరుగుతూ దయ్యాల్నీ పిశాచాల్నీ వేటాడతారు. స్థూలంగా కథ అంతే. ఇన్నేళ్లు ఆడిన సిరీస్‌కి స్పిన్-ఆఫ్, అంటే దాని పాత్రలతోనో లోకంతోనో పుట్టే మరో సిరీస్, ఒక్కటైనా నిలబడి ఉంటుందనుకుంటాం. నిలబడలేదు. 2014లో ఒకటి, 2018లో ఇంకొకటి పైలట్ (నమూనా ఎపిసోడ్) దగ్గరే ఆగిపోయాయి. 2022లో మూడోది ఎట్టకేలకు ప్రసారమైనా 13 ఎపిసోడ్లకే ఆగింది. అదే ఛానల్లో వచ్చిన 'ది వాంపైర్ డైరీస్'కి మాత్రం ఒక స్పిన్-ఆఫ్, ఆ స్పిన్-ఆఫ్‌కి మరో స్పిన్-ఆఫ్ వచ్చి రెండూ ఏళ్ల తరబడి నడిచాయి.

అభిమానం తక్కువై ఇలా జరగలేదు. అభిమానులు చూసేది పాత్రల్ని. ఛానల్ చూసేది షెడ్యూల్లో ఖాళీని, సిరీస్ లాభంలో తన వాటాని, నటుల కాంట్రాక్టు గడువుని. సూపర్‌నేచురల్ విషయంలో ఈ రెండు లెక్కలూ ఒకేసారి కుదరలేదు. పాత్రలు సిద్ధంగా ఉన్నప్పుడు ఖాళీ లేదు, ఖాళీ ఉన్నప్పుడు పాత్రలు లేవు.

మొదటి రెండు ప్రయత్నాలూ 'బ్యాక్‌డోర్ పైలట్' పద్ధతిలో జరిగాయి. మామూలు పైలట్‌కి వేరే యూనిట్, వేరే సెట్లు, వేరే డబ్బు కావాలి. ఛానల్‌కి నచ్చకపోతే ఆ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. బ్యాక్‌డోర్ పైలట్ అలా కాదు, నడుస్తున్న సిరీస్‌లోని ఒక ఎపిసోడ్‌నే కొత్త సిరీస్‌కి నమూనాగా తీస్తారు. ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు ఎలాగూ తీయాలి కాబట్టి ఇది ఆ సీజన్ బడ్జెట్‌లోనే అయిపోతుంది. కొత్త సిరీస్ రాకపోయినా ఎపిసోడ్ ప్రసారమవుతుంది, ప్రకటనల డబ్బు వస్తుంది, విదేశాలకు అమ్మే మూటలో దానికీ లెక్క ఉంటుంది. ఏడాదంతా వాంకోవర్ వానలో షూటింగ్ చేసే ప్రధాన నటులిద్దరికీ కొన్ని రోజులు విశ్రాంతి కూడా దొరుకుతుంది.

చిక్కు నిడివిలో వస్తుంది. ప్రకటనలు పోను మిగిలేది 42 నిమిషాలు. అందులోనే కొత్త ఊరు, కొత్త మనుషులు, వాళ్ల పాత పగలు, ముందు ముందు ఏం జరగబోతుందన్న ఆశ, అన్నీ పట్టాలి. పైగా ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్లు శామ్, డీన్ కోసం వచ్చినవాళ్లు. కొత్తవాళ్లకి ఇచ్చే ప్రతి నిమిషం ఆ ఇద్దరి దగ్గర్నుంచి లాక్కున్నట్టే వాళ్లకు అనిపిస్తుంది. మామూలు పైలట్ బాగోకపోతే బయటి ప్రపంచానికి తెలియదు. ఇది బాగోకపోతే మాత్రం అందరి కళ్లముందే బాగోదు.

2014 ఏప్రిల్ 29న వచ్చిన తొమ్మిదో సీజన్ 20వ ఎపిసోడ్ 'బ్లడ్‌లైన్స్' సరిగ్గా అలాగే దెబ్బతింది. షికాగో నగరాన్ని తెర వెనక నుంచి ఏలుతున్న అయిదు రాక్షస కుటుంబాలు, వాటి మధ్య మాఫియా తరహా కక్షలు, ప్రేమించిన అమ్మాయిని వాళ్ల గొడవలో పోగొట్టుకుని వేటలోకి దిగిన ఎన్నిస్ అనే కుర్రాడు. ఈ కొత్త మనుషుల్లో ఒక్కరినీ ప్రేక్షకులు అంతకుముందు చూసి ఉండలేదు. అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. తొమ్మిదేళ్లుగా సూపర్‌నేచురల్ లోకంలో రాక్షసులు పొలిమేరల్లో, పాడుబడ్డ కొట్టాల్లో, చిన్న ఊళ్ల మోటళ్లలో దాక్కుని బతికేవాళ్లు. ఉన్నట్టుండి వాళ్లకు అమెరికాలోని ఓ మహానగరంలో భవంతులు, వ్యాపారాలు ఉన్నాయనీ, ఆ సంగతి ఇన్నాళ్లూ వేటగాళ్ల చెవిన పడలేదనీ అంటే మింగుడుపడదు. అదీగాక ఒక నగరం మీద పట్టు కోసం కొట్టుకునే రక్తపిశాచుల, తోడేలు మనుషుల కుటుంబాల కథ అదే ఛానల్లో అప్పటికే నడుస్తోంది. అది 'ది ఒరిజినల్స్'. మే నెలలో ఛానల్ 'బ్లడ్‌లైన్స్'ను పక్కనపెట్టింది. దానికోసం కన్నీళ్లు పెట్టుకున్న అభిమానులు పెద్దగా కనిపించరు.

ఆ 'ది ఒరిజినల్స్' కూడా బ్యాక్‌డోర్ పైలట్‌గానే పుట్టింది. 2013 ఏప్రిల్‌లో, 'ది వాంపైర్ డైరీస్' నాలుగో సీజన్ 20వ ఎపిసోడ్‌గా. పద్ధతి ఒకటే, సరుకు వేరు. క్లౌస్, ఎలైజా రెండో సీజన్ నుంచీ కథలో ఉన్నవాళ్లు. కథానాయకుల్ని ముప్పుతిప్పలు పెట్టి, ప్రేక్షకుల చేత తిట్లూ ప్రేమా రెండూ సంపాదించినవాళ్లు. పైలట్ చేయాల్సిన పనల్లా వాళ్లను న్యూ ఆర్లీన్స్‌కి తరలించి, అక్కడ ఒక పగ చూపించడమే. అది 5 సీజన్లు, 92 ఎపిసోడ్లు నడిచింది. అంతకుముందు 1999లో 'బఫీ' అనే రక్తపిశాచుల వేట సిరీస్ నుంచి విడిపోయిన 'ఏంజెల్' కథా ఇదే. మూడు సీజన్లు నానిన పాత్ర సొంత కొంప పెట్టుకుని 110 ఎపిసోడ్లు నిలిచింది.

విచిత్రం ఏమిటంటే, సూపర్‌నేచురల్‌లోనూ అలాంటి సరుకు ఉంది. 'బ్లడ్‌లైన్స్'కి సరిగ్గా వారం ముందు ప్రసారమైన ఎపిసోడ్‌లో, రక్తపిశాచుల దగ్గర పెరిగిన అలెక్స్ అనే అమ్మాయి షెరిఫ్ జోడీ మిల్స్ ఇంటికి చేరుతుంది. తర్వాత అభిమానులు అడిగిన స్పిన్-ఆఫ్‌కి పునాది పడింది ఆ ఇంట్లోనే. ఛానల్, రచయితలు అప్పుడు షికాగో వైపు చూస్తున్నారు.

జోడీ 2010లో, అయిదో సీజన్లో వచ్చింది. సౌత్ డకోటాలోని సూ ఫాల్స్ షెరిఫ్. చనిపోయిన కొడుకు లేచివచ్చి తండ్రిని చంపడం, ఆమెకు ఆ ఇద్దరూ లేకుండా పోవడం ఆ ఒక్క ఎపిసోడ్లోనే జరుగుతాయి. కిమ్ రోడ్స్ నటన చూసి మళ్లీ మళ్లీ పిలిచారు. 2014లో మిన్నెసోటా షెరిఫ్ డోనా హాన్స్కమ్‌గా బ్రయానా బక్‌మాస్టర్ వచ్చింది. నవ్వించడానికి వచ్చిన పాత్ర కాస్తా వేటగత్తె అయింది. దేవదూత కాస్టియెల్ ఎవరి దేహంలో చేరాడో ఆ మనిషి కూతురు క్లెయిర్, నాలుగో సీజన్లో చిన్నపిల్లగా కనిపించి, పదో సీజన్లో కాథరిన్ న్యూటన్ రూపంలో తిరిగొచ్చి చివరికి జోడీ ఇంటికే చేరింది. కొడుకుని, భర్తని పోగొట్టుకున్న ఆమె దగ్గరికి, అమ్మానాన్నల్ని పోగొట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే రావడం ఎవరూ ముందుగా గీసుకున్న ప్లాన్ కాదు, ఏళ్ల మీద దానంతటది కుదిరింది. పదకొండో సీజన్లో శామ్, డీన్ ఆ ఇంట్లో రాత్రి భోజనానికి కూర్చునే సన్నివేశం చూస్తే సంగతి అర్థమవుతుంది. ఇంటి వంట దొరికిన సంతోషంలో అన్నదమ్ములు తింటుంటే, అలెక్స్ బాయ్‌ఫ్రెండ్ వ్యవహారం జోడీ ఆ బల్ల దగ్గరే తేల్చబోతుంది, ఇద్దరు వేటగాళ్లూ ఇబ్బందిగా ప్లేట్లలోకి చూస్తారు. రాక్షసుడు లేకపోయినా ఆ ఇల్లు ఎపిసోడ్‌ని మోయగలదని అక్కడే తేలిపోయింది.

'వేవర్డ్ డాటర్స్' అనే పేరు పెట్టి అభిమానులు ఉద్యమం మొదలుపెట్టారు. టీ-షర్టులు అమ్మి ఆ డబ్బు సేవా సంస్థలకిచ్చారు, కిమ్ రోడ్స్, బ్రయానా బక్‌మాస్టర్ ఇద్దరూ అభిమానుల సమావేశాల్లో దాన్ని భుజానికెత్తుకున్నారు. స్పిన్-ఆఫ్ ఉద్యమాలు సాధారణంగా సిరీస్ ఆగిపోయాక మొదలవుతాయి. ఇది మాతృ సిరీస్ నడుస్తుండగానే మొదలైంది కాబట్టి పని చేసింది. రచయితల గది చేతిలో ఇంకా ఎపిసోడ్లున్నాయి మరి.

'బ్లడ్‌లైన్స్' నేర్పిన పాఠం 13వ సీజన్లో కనిపిస్తుంది. ఈసారి నేరుగా పైలట్‌కి దూకలేదు. మూడో ఎపిసోడ్‌లో పేషెన్స్ అనే అమ్మాయిని, తొమ్మిదో ఎపిసోడ్‌లో కలల్లో ఇతర లోకాలకు వెళ్లే కాయాని పరిచయం చేసి, 2018 జనవరి 18న పదో ఎపిసోడ్‌గా 'వేవర్డ్ సిస్టర్స్' ప్రసారం చేశారు. స్క్రిప్ట్‌లో ఒక మంచి ఎత్తుగడ ఉంది. శామ్, డీన్ ఇంకో లోకంలో చిక్కుకుపోతారు, వాళ్లను వెతికి తేవాల్సిన బాధ్యత ఈ ఆడవాళ్లది. అన్నదమ్ములు తెరమీద ఎందుకు లేరన్న ప్రశ్నకు జవాబు కథలోనే ఉంది, ప్రేక్షకుడికి వాళ్లమీదున్న బెంగే కొత్త బృందం వెంట నడిపిస్తుంది.

లోపాలూ లేకపోలేదు. ఆరుగురు నాయికలు 42 నిమిషాలకు ఎక్కువ. ఎనిమిదేళ్ల పరిచయం ఉన్న జోడీ పక్కన, ఒకటి రెండు ఎపిసోడ్ల పరిచయం ఉన్న పేషెన్స్, కాయా తేలిపోయారు. ఆ కాయా చావు మీదే క్లెయిర్ దుఃఖం అంతా నిలబెట్టడం తొందరపాటు. అయినా మూడు ప్రయత్నాల్లో సిరీస్‌గా మారే అర్హత ఉన్నది ఇదొక్కటే.

మేలో ఛానల్ కాదంది. సృజనాత్మకంగా తాము కోరుకున్న స్థాయికి రాలేదని, ఉన్న చోటులో 'లెగసీస్' మేలనిపించిందని అప్పటి అధ్యక్షుడు మార్క్ పెడోవిట్జ్ చెప్పిన కారణం. 'లెగసీస్' అంటే 'ది ఒరిజినల్స్' స్పిన్-ఆఫ్. ఆ ఏడాదే 'ది ఒరిజినల్స్' ముగుస్తోంది, అంటే దాని కుర్చీ ఖాళీ అవుతోంది. సూపర్‌నేచురల్ ఇంకా నడుస్తోంది. ఒకే కుటుంబానికి రెండు కుర్చీలు ఇవ్వడమా, ఖాళీ అయిన కుర్చీలో అదే ఇంటి బిడ్డను కూర్చోబెట్టడమా అంటే, ఛానల్ రెండోదే ఎంచుకుంటుంది. అభిమానుల కోపం సబబే. అయితే ఆ కోపం ఎపిసోడ్ నాణ్యత మీద జరిగిన వాదనగా మారడం వల్ల అసలు లెక్క మరుగునపడింది.

సంతకాల పిటిషన్లు వెంటనే మొదలయ్యాయి. అవి ఎందుకు పారలేదో తెలియాలంటే అదే మేలో జరిగిన ఇంకో సంఘటన పక్కన పెట్టి చూడాలి. ఫాక్స్ ఛానల్ 'లూసిఫర్'ను రద్దు చేసింది. అభిమానులు గోల చేశారు, జూన్ నెలలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తీసుకుంది. రెండింటి నిర్మాణ సంస్థా ఒకటే, వార్నర్ బ్రదర్స్ టెలివిజన్. కానీ 'లూసిఫర్'కి అప్పటికే మూడు సీజన్లున్నాయి. ఎన్ని దేశాల్లో ఎందరు చూస్తారో కొనేవాడు లెక్క కట్టుకోగలడు, పాత ఎపిసోడ్లు కూడా చేతికొస్తాయి. 'వేవర్డ్ సిస్టర్స్' దగ్గర ఉన్నది ఒక్క ఎపిసోడ్, అదీ ఇంకొక సిరీస్ సొత్తు. పైగా కాలం తరుముతుంటుంది. పైలట్ నటుల మీద నిర్మాతలకుండే హక్కు, వ్యవహారంలో 'ఆప్షన్' అంటారు, మామూలుగా జూన్ నెలాఖరుతో తీరిపోతుంది. ఆ తర్వాత ఎవరి దారి వారిదే. కాథరిన్ న్యూటన్ సినిమాల్లోకి వెళ్లిపోయి, 2023లో మార్వెల్ వారి యాంట్-మ్యాన్ కూతురైంది. 2020 మార్చిలో వచ్చిన 'గెలాక్సీ బ్రెయిన్' ఎపిసోడ్‌లో కాయా బతికే ఉందని తేల్చి వెనక్కి తెచ్చి, ఆగిపోయిన స్పిన్-ఆఫ్ కథకు ముడి వేశారు. ఆ ముడి ఎవరికోసమైతే వేశారో ఆ క్లెయిర్ మాత్రం అందులో కనిపించదు.

మూడోది 'ది వించెస్టర్స్'. అన్నదమ్ముల అమ్మానాన్నలు మేరీ, జాన్‌ల యవ్వనకథ. డీన్ పాత్రధారి జెన్సెన్ ఆకల్స్, ఆయన భార్య డానీల్ కలిసి నడిపే సంస్థ నిర్మించింది. 2021 జూన్‌లో వార్త బయటికొచ్చిన రోజే శామ్ పాత్రధారి జారెడ్ పడలెకీ తనకీ సంగతి ట్విట్టర్‌లో చూసేదాకా తెలియదని బహిరంగంగా వాపోయాడు. త్వరలోనే ఇద్దరూ మాట్లాడుకుని సర్దుకున్నారు గానీ, అన్నదమ్ముల అనుబంధమే పెట్టుబడిగా ఉన్న సిరీస్‌కి అంతకంటే అపశకునం ఉండదు.

దీనికి కథలోనే ఒక పీటముడి ఉంది. నాలుగో సీజన్ మూడో ఎపిసోడ్‌లో కాస్టియెల్ డీన్‌ను 1973కి పంపుతాడు. అక్కడ మేరీది వేటగాళ్ల కుటుంబం, జాన్‌కి దయ్యాల సంగతే తెలియదు. మేరీ చనిపోయాకే అతను వేటగాడవుతాడు, మొత్తం సిరీస్ మొదలయ్యేదే అక్కడ. 'ది వించెస్టర్స్' 1972లో మొదలవుతుంది, వియత్నాం నుంచి తిరిగొచ్చిన జాన్ మొదటి ఎపిసోడ్లోనే వేటలోకి దిగుతాడు. తప్పు కాదు, జవాబు ఉంది, ఓపిక పట్టండని నిర్మాతలు చెబుతూ వచ్చారు. జవాబు 13వ ఎపిసోడ్‌లో వచ్చింది. ఇది వేరే విశ్వం, చనిపోయాక డీన్ లోకాలు తిరుగుతూ తన కుటుంబానికి మంచి ముగింపు దొరికే చోటు వెతికాడు. తర్కానికి అది నిలుస్తుంది. వ్యాపారానికి నిలవలేదు. మొదటి 12 ఎపిసోడ్లూ పాత సిరీస్ బాగా తెలిసినవాడికే పొరపాటుగా కనబడ్డాయి, ఈ సిరీస్‌కి మొదటి కొనుగోలుదారు అతనే. తీరా ముడి విప్పాక తేలింది ఏమిటంటే, వీళ్లు మనకు తెలిసిన శామ్, డీన్‌ల అమ్మానాన్నలే కారు. పూర్వకథ చూడటానికి ఉన్న ముఖ్యమైన కారణం దాంతో పోయింది.

ఖర్చు సంగతి సరేసరి. మొదటి రెండు ప్రయత్నాలూ మాతృ సిరీస్ నడుస్తుండగా జరిగాయి కాబట్టి యూనిట్, సెట్లు, కార్లు పంచుకునే వీలుంది. 2020 తర్వాత వాంకోవర్‌లో యూనిట్ చెదిరిపోయింది. ఇంపాలాలు హీరోలిద్దరి ఇళ్లకూ చేరాయి. 'ది వించెస్టర్స్' న్యూ ఆర్లీన్స్‌లో కొత్త యూనిట్‌తో తీశారు. అదీ 1972 నాటి కథ కావడంతో వీధిలో కనబడే ప్రతి కారు, ప్రతి బోర్డు, ప్రతి చొక్కా ఆ కాలానిదే కావాలి.

ఇంతలో ఛానల్ చేతులు మారింది. అంతవరకూ ది సీడబ్ల్యూలో వార్నర్‌కి సగం, సీబీఎస్ మాతృసంస్థకి సగం వాటా. ఛానల్ నష్టపోయినా ఫరవాలేదు, సిరీస్‌ని విదేశాలకీ స్ట్రీమింగ్‌కీ అమ్మితే లాభం అదే ఇంటికి వచ్చేది. సూపర్‌నేచురల్ 15 సీజన్లు నడవడానికి ఈ ఏర్పాటు ఒక బలమైన కారణం. 2022 అక్టోబర్ 3న స్థానిక టీవీ స్టేషన్ల సంస్థ నెక్స్‌స్టార్ 75 శాతం కొంది, పాత యజమానులకు చెరో 12.5 శాతం మిగిలింది. కొత్త యజమానికి స్ట్రీమింగ్ లాభంతో పనిలేదు, ప్రసారంలోనే డబ్బు రావాలి. వార్నర్‌కి లైసెన్స్ ఫీజు కట్టి, మిగతా లాభం వార్నర్‌కే వదిలే సిరీస్ ఆయన పద్దులో ఖర్చు కిందే లెక్క. 'ది వించెస్టర్స్' మొదటి ఎపిసోడ్ అక్టోబర్ 11న వచ్చింది, అమ్మకం జరిగిన ఎనిమిది రోజులకు. 2023 మార్చి 7న చివరిది. మేలో రద్దు. పడలెకీ సిరీస్ 'వాకర్'కి పుట్టిన స్పిన్-ఆఫ్ 'వాకర్: ఇండిపెండెన్స్' కూడా ఆ మే నెలలోనే పోయింది. అంటే అది ఏ ఒక్క కథ మీద తీర్పూ కాదు. 'వేవర్డ్ సిస్టర్స్' చోటు దక్కించుకున్న 'లెగసీస్'ను కూడా అమ్మకానికి ముందే, 2022 మేలో, నాలుగు సీజన్లతో ఆపేశారు.

ఇక ముందు ఆశ పెట్టుకునేవాళ్లు వార్తల్లో చూడాల్సింది క్రియాపదాన్ని. 'పిలిస్తే తప్పకుండా చేస్తాను' అని నటుడు వేదిక మీద అనడం మర్యాద, అంతే. 'అభివృద్ధి దశలో ఉంది' అంటే స్క్రిప్ట్ రాయడానికి డబ్బిచ్చారని అర్థం, ఇలాంటివాటిలో చాలావరకు కాగితం దాటవు. పైలట్‌కి ఆర్డర్ వచ్చిందంటే అసలు డబ్బు కదిలినట్టు. సిరీస్ ఆర్డర్ అయితే ఎపిసోడ్ల సంఖ్య కూడా చెబుతారు, చెప్పలేదంటే అనుమానించాలి. 'ది వించెస్టర్స్' ఈ మెట్లన్నీ ఎక్కింది. 2021 జూన్‌లో ప్రకటన, 2022 ఫిబ్రవరిలో పైలట్, మేలో సిరీస్ ఆర్డర్, అక్టోబర్‌లో ప్రసారం. అంటే అన్నీ సవ్యంగా జరిగినా 16 నెలలు. వార్తలో వార్నర్ పేరు ఒక్కటే ఉండి కొనేవాడి పేరు లేకపోతే ఆ మెట్లు ఇంకా మొదలవలేదన్నమాట. హక్కులు వార్నర్‌వి, కొనే స్థితిలో ది సీడబ్ల్యూ లేదు, కాబట్టి ఏదైనా స్ట్రీమింగ్ సంస్థే రావాలి.

కథాపరంగా దారులు మూసుకుపోలేదు. చివరి ఎపిసోడ్‌లో డీన్ చనిపోతాడు, శామ్ ముసలివాడై పోతాడు. శామ్ కొడుకు పేరూ డీనే, వాడి చేతి మీద దయ్యం పట్టకుండా వేసుకునే పచ్చబొట్టు ఉంటుంది. అభిమానులు ఎక్కువగా పట్టుకున్నది దీన్నే, కానీ ఆ కుర్రాడు పెద్దవాడైన కాలం ఇంకా రాలేదు, కథని భవిష్యత్తులో పెట్టాల్సి వస్తుంది. దేవుణ్ణి ఓడించిన 19వ ఎపిసోడ్‌కీ డీన్ చావుకీ మధ్య కొంత కాలం గడిచింది, అన్నదమ్ములిద్దరూ బతికున్న ఒక చిన్న సిరీస్ అక్కడ ఇరికించవచ్చు. ఇద్దరి వయసూ ముఖాల మీద కనబడుతుంది, అదొక్కటే ఇబ్బంది. ఆకల్స్‌ను 'ది బాయ్స్' పూర్వకథ 'వౌట్ రైజింగ్' కోసం ప్రైమ్ వీడియో తీసుకుంది కాబట్టి తేదీలు కుదరడం ఇంకో ఇబ్బంది. ముగింపుతో ఏ పేచీ లేనిది, తక్కువ ఖర్చుతో అయ్యేది ఇప్పటికీ సూ ఫాల్స్‌లోని జోడీ ఇల్లే. ఒక ఇంటి సెట్, ఒక షెరిఫ్ ఆఫీసు, వర్తమానకాలం.

స్ట్రీమింగ్‌లోకి వస్తే అది ఎనిమిది, పది ఎపిసోడ్ల సీజన్‌గానే వస్తుంది. అలాంటి సీజన్‌లో వారానికో రాక్షసుడికి చోటు ఉండదు, ఊరికో షెరిఫ్‌కి అసలే ఉండదు. ఏడాదికి ఇరవై పైచిలుకు ఎపిసోడ్లు నింపాల్సిన అవసరం వల్లే దారిలో తగిలిన మనుషులు ఇంత కాలం మిగిలారు. 2010లో ఆ స్క్రిప్ట్ రాసే నాటికి జోడీ మిల్స్ కూడా ఒక్క ఎపిసోడ్ కోసం వచ్చిన షెరిఫే.